ఆటలో అరటిపండు

ఈ సంవత్సరము మధ్యాహ్న భోజన విరామమున మన పాఠశాల మేడమీది వరండా చివర నొక క్రొత్త ఆట వెలసినది. అయిదారుగురు బాలబాలికలు గుండ్రముగా కూర్చుండి, ఒడిలో నోటుపుస్తకములు పెట్టుకొని, పలుముఖముల పాచికలు దొర్లించుచు, "తలుపు తీస్తున్నాను", "దీపం ఆర్పేశాను", "వాడి వెనక్కి పోయి నిలబడ్డాను" అని పలుకుచుందురు. అక్కడ తలుపును లేదు, దీపమును లేదు. ఇది విని కలతపడిన తల్లిదండ్రులు కొందరు మా యొద్దకు వచ్చి, "మా పిల్లవాడు ఇంట్లో కూడా మంత్రాలు, రాక్షసులు అంటున్నాడండీ, ఇదేం చదువు?" అని అడిగిరి. అడుగుట న్యాయమే. అందుచేత మేము నాలుగు దినములు ఆ వరండాలో ఒక బల్లమీద కూర్చుండి ఆటను శ్రద్ధగా చూచితిమి.

మంత్రములవలన మాకు భయము కలుగలేదు. పులిజూదమాడు పిల్లలు పులి నిజముగా మేకను తినెనని నమ్మనట్లే వీరును నమ్ముట లేదు. మా మనస్సునకు కష్టము కలిగించినది మరియొకటి. దానిని చెప్పుటకు ముందు ఆట యెట్టిదో పెద్దలకు కొంచెము వివరింపవలెను.

1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు "డంజన్స్ అండ్ డ్రాగన్స్" అను పేర దీనిని ప్రకటించిరి. అంతకు ముందు వారు బల్లపై చిన్న చిన్న సైనికుల బొమ్మలతో యుద్ధము లాడుచుండెడివారు. ఒక్కొక్కరు ఒక సేనను గాక ఒకే మనిషిని నడిపిన నెట్లుండునను ఆలోచననుండి ఈ ఆట పెరిగినది. ఆడువారిలో ఒకడు కథ నడుపును. మన పిల్లలు వానిని సూత్రధారి యని పిలుచుచున్నారు, పేరు చక్కగా అమరినది. తక్కినవారు తలకొక పాత్ర ధరింతురు: ఖడ్గవీరుడు, మాంత్రికుడు, దొంగ, వైద్యుడు. ఏమి చేయుదువని సూత్రధారి అడుగును, పాత్రధారి చెప్పును, అది నెరవేరునో లేదో ఇరువది ముఖముల పాచిక తేల్చును. కడపట గెలిచినవాడని యెవడును లేడు, కథ సాగుటయే ఆట. చందమామ చదివి పెరిగిన తాతలకు, అమ్మమ్మలకు ఇది బొత్తిగా క్రొత్త కాదు. 1947లో ఈ మద్రాసు నగరముననే తెలుగునను తమిళమునను వెలువడ నారంభించిన ఆ పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యముగారు "ముగ్గురు మాంత్రికులు", "రాకాసిలోయ" వంటి ధారావాహికలు వ్రాయుచున్న కాలమున, వచ్చే నెల ఏమగునో యని పిల్లలు నెలంతయు ఊహలు పన్నుచుండిరి. ఆ ఊహలకు పాచికలు చేర్చిన యెడల ఈ ఆట యగును.

మన సూత్రధారి తొమ్మిదవ తరగతి బాలుడు. పులికాటులో డచ్చివారు 1613లో కట్టిన కోట శిథిలములను ఎప్పుడో చూచివచ్చినవా డగుటచే తన కథను సరస్సు నడుమ నొక పాడుకోటలో పెట్టెను. కోట క్రింద సొరంగము, సొరంగములో ఓడదొంగలు, వారి వెనుక ఇంకేదో. మేము చూచిన మొదటి దినమున ఎనిమిదిమంది దొంగలు ఎదురైరి. ఖడ్గవీరుని పాత్రధారియైన బాలుడు మోకాళ్లమీద లేచి, "నేను ముందుకు దూకి" అనుచుండగనే, మాంత్రికుని పాత్రధారిణియైన బాలిక అగ్నిగోళము విసరెను. దానికి ఆరు ముఖముల పాచికలు ఎనిమిది. సగటున ఇరువది యెనిమిది దెబ్బలు, అదియు ఎనిమిదిమందికిని ఒక్కసారే. దొంగలు బూడిదయైరి. బాలుడు మరల కూర్చుండెను. రెండవ దినమున ఇనుపతలుపు, దానికొక మంత్రము. మూడవ దినమున లోతైన మడుగు. దానికి నొక మంత్రము. ఆ దినమున ఖడ్గవీరుడు వరండా పిట్టగోడమీద గడ్డము మోపి, గూడూరు వైపు పోవు గూడ్సుబండి పెట్టెలు లెక్కించుచుండెను.

తెలుగు పిల్లల వాడుకలో "ఆటలో అరటిపండు" అను మాట కలదు. దాగుడుమూతలలో నాలుగేండ్ల తమ్ముడు తానును వచ్చెదనని మారాము చేసిన యెడల వానిని చేర్చుకొని, దొరికినను దొరకనట్లే చూచి, దొంగను చేయక విడిచిపెట్టుదురు. చిన్నవానికి ఆడితినని తృప్తి, పెద్దవారికి ఆట చెడలేదని తృప్తి. అందులో దయ యున్నది. పదునాలుగేండ్ల బాలుని, వాని యెదుటనే, ఒక నియమపుస్తకము అరటిపండును చేయుటలో ఏ దయయు లేదు.

పిల్లలు న్యాయమెరుగనివారు కారు. వారికిని సంగతి తెలిసి తమలో తాము నియమములు మార్చుకొన మొదలుపెట్టిరి. అచ్చైన నియమమును మార్చుట తగదని ఉపాధ్యాయులలో కొందరనిరి. మేము ఒప్పుకొనము. అష్టాచెమ్మలో ఎదుటివాని కాయ నొకదానినైనను చంపనిదే లోపలి గళ్లలోనికి పోరాదని కొన్ని యిండ్ల నియమము. కొన్ని యిండ్లలో అది లేదు. ఆ యింటి పిల్ల ఈ యింటికి కోడలై వచ్చిన పిదప రెండును కలిసి మూడవ నియమము పుట్టుటయు కలదు. ఏ యింట ఆడిన ఆట ఆ యింటి దగును.

అయితే వారు చేసిన మొదటి మార్పు ఫలింపలేదు. ఖడ్గవీరుని దెబ్బకు ఒక పాచికకు బదులు మూడు పాచికలు వేయనిచ్చిరి. పోరు త్వరగా ముగిసెను, అంతే. పోరు లేనప్పుడు అతని చూపు మరల గూడ్సుబండ్లవైపే పోయెను. నిజమునకు ఒంటరి శత్రువుతో తలపడినప్పుడు కత్తి మంత్రమునకు ఏమంత తీసిపోదు. అయిదవ మెట్టు చేరిన వీరుడు తన వంతు వచ్చినప్పుడెల్ల రెండు దెబ్బలు కొట్టును, అలసట లేక కొట్టును. ఆ మెట్టున మాంత్రికునికి అగ్నిగోళమంతటి మంత్రములు దినమునకు రెండే. కాబట్టి లోటు దెబ్బలో లేదు. తాళము, గోడ, ఏరు, రాజుగారి కోపము, వీనిలో దేనికైనను మాంత్రికునియొద్ద ఒక మాట యున్నది. వీరునియొద్ద నున్నది కత్తి యొక్కటే. మెట్లు పెరిగినకొలది ఈ యెడము పెరుగును. పదునేడవ మెట్టున మాంత్రికునికి కోరినది జరిపించు మంత్రమే దొరకును. అదే మెట్టున వీరుడు రెండు దెబ్బలకు బదులు మూడు కొట్టుచుండును.

రెండవ మార్పుగా మంత్రములను సగమునకు తగ్గించిరి. మరునాడు ఆ బాలిక ఆటకు రాలేదు. ఆమె చేసిన తప్పేమి? పుస్తకమును శ్రద్ధగా చదువుటయే గదా. చదివినందుకు శిక్ష విధించు నియమము పాఠశాల ఆవరణలో నిలువరాదని మా దృఢమైన అభిప్రాయము.

మాకు తోచినంతలో తిరకాసు సగము గంటలో నున్నది. వీరియొద్ద నున్నది 2014 నాటి కూర్పు. అందు సూత్రధారికి చెప్పిన లెక్క ప్రకారము కథలోని ఒక దినమున ఆరు మొదలు ఎనిమిది ఆపదలు ఎదురగును. వానినన్నిటిని దాటిన పిదప రాత్రి నిద్ర. నిద్రతో మంత్రశక్తి తిరిగివచ్చును. ఎనిమిది ఆపదలకు రెండే అగ్నిగోళములున్నప్పుడు మాంత్రికుడు లోభివలె వానిని దాచుకొనును, తక్కిన వేళలందు కత్తియే దిక్కగును. మన విరామము నలువది నిమిషములు. ఒక ఆపద ముగియునప్పటికి గంట మ్రోగును. "సరే, పడుకున్నాం, తెల్లారింది" అని అందరును లేచి తరగతికి పోవుదురు. మరునాడు మాంత్రికుడు నిండుశక్తితో వచ్చును. ఆయనకు ప్రతిదినమును సంక్రాంతియే. ఈ తప్పు పిల్లలది కాదు, పుస్తకము వ్రాసినవారిదియు కాదు, మన కాలపట్టికది.

అందుచేత గంట మ్రోగినంత మాత్రమున రాత్రి కారాదని మేము సూచించితిమి. కథ ఎక్కడ ఆగెనో మరునాడు అక్కడనే మొదలు కావలెను. ఆ కూర్పుననే, ఇష్టమైనవారు పాటించుటకై, ఒక రాత్రి నిద్రను చిన్న విశ్రాంతిగాను ఏడు దినముల బసను పెద్ద విశ్రాంతిగాను ఎంచు కఠినమైన ఏర్పాటు కూడ చెప్పబడియున్నది. పెద్ద విశ్రాంతి లేనిదే మంత్రశక్తి మరల నిండదు. మన వరండాకు అది కొలిచి కుట్టినట్లున్నది.

ఆట పుట్టిన దేశముననే పెద్దలు ఈ తగవును యాభై యేండ్లుగా తీర్చుకొనుచున్నారు. తొలి కూర్పున మాంత్రికుడు మొదటి మెట్టున దినమునకు ఒక్క మంత్రము గలవాడు, దెబ్బ తగిలిన పడిపోవువాడు. వీరుని చాటున బ్రతికి బహుకాలమునకు పెద్దవాడగును. అప్పుడు వీరుడు వెనుకబడును. ఏండ్ల తరబడి ఒకే కథ నాడువారికి ఆ న్యాయము సరిపోవచ్చును. అర్ధసంవత్సర పరీక్షలతో కథ తెగిపోవు మనకు సరిపోదు. 2008 నాటి నాలుగవ కూర్పున కత్తివానికిని మాంత్రికునికిని ఒకే అచ్చున శక్తులు పంచిరి: ఎప్పుడైనను వాడదగినవి కొన్ని, పోరున కొకసారివి కొన్ని, దినమున కొకసారివి కొన్ని. లెక్క కుదిరినది. కాని ఎవరిని చూచినను ఒక్కతీరుగ నున్నారని ఆటగాండ్రు చాలమంది పెదవి విరిచిరి. 2014లో మరల వేరుచేసిరి.

మన వీధి అరుగులు ఇంతకంటె తెలివైనవి. పులిజూదమున పులులు మూడు, మేకలు పదునైదు; మన తమిళ మిత్రులు ఆడుపులి ఆట్టమని ఆడునదియు నదియే. పులి దూకును, చంపును. మేకకు ఆ రెండును చేతకావు. అయినను మేకలు గెలుచుట కలదు. ఒకదాని వెనుక నొకటి నిలిచి, పులికి కదలుటకు చోటు లేకుండ చేసి గెలుచును. మేకకు కోరలు పెట్టి ఆటను సరిచేయవలెనని ఎవరికిని తోచలేదు. ఎన్ని మేకలు చచ్చిన పులి గెలిచినట్లను విషయమున మాత్రము ఊరూర తగవే.

కనుక వీరునికి అదనపు బలముకంటె ఒక పని కావలెను. అతడు లేక జరుగని పని. ఆ పని యేదో మన కథలలోనే యున్నది. విశ్వామిత్రుడు దశరథుని సభకు వచ్చి, పదునారేండ్లు నిండని రాముని పంపుమని అడుగుట మన విద్యార్థులెల్లరు ఎరిగినదే. సకలాస్త్రములు తెలిసిన మహర్షికి ఒక బాలుని విల్లు ఏల కావలసెను? దీక్షలో నున్నవాడు కోపింపరాదు, శపింపరాదు. ఆరు పగళ్లు, ఆరు రాత్రులు రామలక్ష్మణులు కన్నుమూయక కావలి కాచిరి గనుక మారీచ సుబాహులు వచ్చినను యజ్ఞము నెరవేరినది. ఇంకను సమీపమున చూడవలెనన్న 1951లో ఇదే నగరమున తయారై తెలుగునను తమిళమునను విడుదలయైన "పాతాళభైరవి" యున్నది. నేపాళ మాంత్రికునికి ఎన్ని విద్యలు వచ్చినను, దేవికి బలియిచ్చుటకు సాహసవంతుడైన యువకుడు దొరకనిదే ఆయన పని ముందుకు సాగదు; తోటరాముని వెదకికొని వచ్చుట అందుకే. ఆయన ఉద్దేశము మంచిది కాదనుకొనుడు, అది వేరు మాట.

దీనినిబట్టి మేము చెప్పిన రెండవ నియమమిది. పెద్ద మంత్రము ఆరంభించిన వంతున ఫలింపరాదు. మరు వంతునకు ఫలింపవలెను. ఆ నడుమ మాంత్రికునికి దెబ్బ తగిలిన మంత్రము చెదరిపోవును. ద్వారమున గాని, ఇరుకు దారిలో గాని వీరుడు నిలిచియున్నంతవరకు, అతనిని పాచికతో ఓడింపనిదే ఏ శత్రువును దాటి లోనికి పోరాదు. మంత్రము పూర్తికాకముందే దెబ్బ తగిలిన వ్యర్థమగుట ఈ ఆట పాత కూర్పులలో నుండినదే, మేము కల్పించినది కాదు. వీరునికి మంత్రపుకత్తి ఇచ్చిన చాలునని ఒక మిత్రుడు సలహా చెప్పెను. అది వీరుని మాంత్రికునిగా మార్చుట. అట్లయిన వీరుడే లేకుండ పోవును.

ఇంతవరకు ఆటను గురించి చెప్పితిమి. మేము ఇంత పట్టుదలతో కలము పట్టుటకు కారణము నాలుగవ దినమున తెలిసినది. ఆ బాలుని ప్రక్కకు పిలిచి, "నువ్వు మాంత్రికుడి వేషం ఎందుకు తీసుకోలేదు?" అని అడిగితిమి. "అది చాలా చదవాలండీ, అంతా ఇంగ్లీషులో ఉంది. కత్తికైతే ఒక్క పేజీ చాలు" అని నవ్వెను. పుస్తకము తెప్పించి చూచితిమి. మూడువందల పైచిలుకు పుటలలో నాలుగవ వంతు మంత్రములకే సరిపోయినది. ఆ బాలిక అయిదవ తరగతి వరకు ఆంగ్లమాధ్యమమున చదివి వచ్చినది; ఆ పుటలు ఆమెకు తెరచిన తలుపులు, తక్కినవారికి గోడ. ఎవరు మాంత్రికులో, ఎవరు కత్తివాండ్రో మొదటి పాచిక పడకముందే తేలిపోయినదన్నమాట.

ఇంట తెలుగు, వీధిలో తమిళము, దరఖాస్తులో ఆంగ్లము. తిరువొత్తియూరులోని మన కుటుంబములకు ఈ మెట్లు తెలియనివి కావు. బ్యాంకులో ఫారము నింపుటకు ప్రక్కవానిని బతిమాలిన తండ్రికి, తన కొడుకు ఆటలో కూడ అట్లే ప్రక్కవాని ముఖము చూచుచు కూర్చున్నాడని తెలిసిన ఎట్లుండును? ఆటయే గదా యని త్రోసివేయుటకు మాకు మనసొప్పలేదు. తన మాటకు ఎంత విలువ యున్నదో పిల్లవాడు మొదట తెలిసికొను చోటు అదే.

ఆంగ్లము వలదని మేము చెప్పుట లేదు. ఆ బాలుడు నేర్వవలెను, నేర్చును. నేర్చునంతవరకు గూడ్సుబండ్లు లెక్కించుచుండవలెనా? త్యాగరాజస్వామి ఈ ఊరికి వచ్చి త్రిపురసుందరిపై కీర్తనలు రచించినప్పుడు ఆయన పలికినది తెలుగే. తమిళుల ఊరు, తమిళుల కోవెల, అయినను ఆ తెలుగు ఎవరికిని అడ్డము కాలేదు. ఒక పాడుకోటలోని అగ్నిగోళము తెలుగున పలుకుటకు అడ్డేమున్నది?

అందుచేత మూడవ నియమము పుట్టినది. ఏ మంత్రమునైనను వాడదలచినవారు దాని పేరును, అది చేయు పనిని, దాని హద్దులను తెలుగున ఒక అట్టముక్కపై వ్రాసి అందరి నడుమ పెట్టవలెను. అట్టమీద లేని మంత్రము లేనట్లే. ఎవరైనను ఆ అట్టలు చదివి మరుసటి కథకు మాంత్రికులు కావచ్చును. "అన్నీ నేనే రాయాలా?" అని బాలిక మొదట చిన్నబుచ్చుకొన్నది. వాడునవి మాత్రము చాలునని చెప్పగా, ఇంటనున్న పెండ్లి శుభలేఖల వెనుకప్రక్కల పదునాలుగు వ్రాసి తెచ్చినది. పేర్ల విషయమున పెద్ద చర్చ జరిగినది. సాలెగూడు, కనబడని చేయి అనునవి వెంటనే కుదిరినవి. నేలను జారునట్లు చేయు మంత్రమునకు ఆమె "స్నిగ్ధస్థలి" అని వ్రాయగా, తండ్రి లేతు పట్టరలో పనిచేయుచున్న మన ఖడ్గవీరుడు "గ్రీజు అంటే సరిపోదా?" అని అడిగెను. గ్రీజే నిలిచినది. మా సంస్కృతాభిమానము కొంచెము నొచ్చుకొన్నను తీర్పు న్యాయమైనదే.

ఈ నియమమునకు మరియొక సగము కలదు. మంత్రము తెలియనివాడు చేతులతో జరుగదగిన ఉపాయ మొకటి తెలుగున విప్పి చెప్పిన యెడల, సూత్రధారి దానికిని మంత్రమునకు వలెనే పాచిక వేయనీయవలెను. "నీకా శక్తి లేదు" అని త్రోసివేయరాదు. ఇది వచ్చిన వారమున రెండవ ఇనుపతలుపు ఎదురైనది. మాంత్రికుని శక్తి అప్పటికే చాలవరకు ఖర్చయినది. బాలుడు ముందుకు జరిగి, తాళము జోలికి పోరాదనియు, బందుల క్రింద గునపము దూర్చి తలుపును పైకెత్తవలెననియు, ఎత్తునప్పుడు బందుల ఇరుసున ఆ గ్రీజు పడవలెననియు, అందుకు మాంత్రికుడు సాయపడవలెననియు వివరించెను. మంత్రమైన ఒక్కమాటతో పోవును. ఇతనికి అయిదు నిమిషములు పట్టినది. ఆ అయిదు నిమిషములును అందరు కదలక వినిరి. పాచిక పదునేడు పడినది.

లోపములు లేవని మేము అనము. ఆట నెమ్మదించినది. సూత్రధారి తన స్నేహితుని ఉపాయము సులభముగా ఒప్పుకొని మరియొకనిది త్రోసిపుచ్చుచున్నాడని ఒక ఫిర్యాదు వచ్చినది. అది నిజమేయని మాకును తోచినది. కథ కథకు సూత్రధారిని మార్చుట తప్ప మాకు మందు తెలియలేదు. నడిపోరున నియమము మార్చరాదనియు, ఆ దినపు ఆట ముగిసిన పిదప అందరును ఒప్పుకొన్న మాత్రమే మార్చవచ్చుననియు ఒక కాగితము వ్రాసి గోడకు అంటించిరి. దానిమీద ఇప్పటికే మూడు కొట్టివేతలున్నవి. ఇంట ఆడనిచ్చు తల్లిదండ్రులు దయచేసి ఆ కాగితము నొకసారి చదువవలెనని మా మనవి, తెలుగుననే యున్నది.

మొన్న శుక్రవారము సొరంగపు చివరి గదిలో మాంత్రికుడు కడపటి అగ్నిగోళమునకు మంత్రము మొదలుపెట్టెను. వీరుడు ద్వారమున నిలిచెను. ఎదుట ఆరుగురు. మొదటివాడు వేసిన పాచిక తగులలేదు, రెండవది తగిలినది, మూడవవానికై సూత్రధారి పాచికను చేతిలోనికి తీసికొనుచుండగా గంట మ్రోగినది. నియమము ప్రకారము రాత్రి కాలేదు. సోమవారము మధ్యాహ్నము వరకు ఆ బాలుడు ద్వారముననే నిలిచియుండవలెను.